రిబ్కా మేస్త్రి పగ

రేపల్లె నుంచి భట్టిప్రోలు వచ్చే దారిలో ఎవరినైనా ఆపి నాట్ల మేస్త్రి రిబ్కా ఇల్లెక్కడ అని అడగండి. ఇల్లు చూపించే ముందు మిమ్మల్ని ఒకసారి కిందినుంచి పైదాకా చూస్తారు. ఆమెతో మీకేం పేచీ వచ్చిందోనని వాళ్ళ అనుమానం. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. రిబ్కా మంచిదా అంటే మంచిదే. తనతో నాట్లేసే ముఠాలో ఏ ఆడమనిషికి జ్వరమొచ్చినా ఆమె వరస కూడా తనే నాటి ఇంటికి పంపే రకం. కానీ తనకు అన్యాయం చేసిన మనిషిని మరిచిపోయే గుణం మాత్రం దేవుడు ఆమెకు పెట్టలేదు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు క్షమాపణ గురించి చెబుతుంటే తల ఊపుతుంది, పాట వస్తే గొంతెత్తి పాడుతుంది, బయటికొచ్చి చెప్పులు తొడుక్కునేసరికి ఎవరి మీద కోపం వారి మీద చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఆమె పుట్టింది భట్టిప్రోలు పక్క పేటలో. పదహారేళ్ళకు ఈ ఊరికి కోడలుగా వచ్చింది. వచ్చిన నాలుగో రోజున అత్తగారు ఆమెను దమ్ము చేసిన మడిలోకి దింపి, చేతికి నారుకట్ట ఇచ్చి, "మీ పుట్టింట్లో ఎట్టా నాటారో మర్చిపో. ఇది సముద్రప్పక్క నేల" అంది. అప్పటికి అత్తగారే ముఠాకు మేస్త్రి. నాటడం ఒక్కటే పని అనుకునేవాళ్ళకు మేస్త్రి ఎందుకో అర్థం కాదు. ఏ మడికి ముదురు నారు, ఏ మడికి లేత నారు, ఎక్కడ కుదురుకు మూడు మొక్కలు, ఎక్కడ ఐదు, ఏ రోజు దిగాలి, ఏ రోజు దిగకూడదు అన్నీ ఆమె చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం తూము కట్టడం. ఈ పక్క పల్లపు పొలాల మురుగు నీరు తూము గుండా డ్రెయిన్లోకి పోతుంది, డ్రెయిను వెళ్ళి నిజాంపట్నం వైపు సముద్రంలో కలుస్తుంది. మామూలు రోజుల్లో నీరు పొలంలోంచి డ్రెయిన్లోకి పోతుంది. పున్నమికీ అమావాస్యకీ పోటు వచ్చినప్పుడు డ్రెయిను ఎదురు తన్ని, అదే తూము గుండా నీరు పొలంలోకి వస్తుంది. నాటి వారం రోజులు కాని మొక్కకు వేరు నేలను పట్టుకుని ఉండదు, నీరు నిలిస్తే లేచి తేలిపోతుంది. అందుకని పోటుకు ముందు రోజే సగం బంకమట్టి నింపిన బస్తా తూములో దూర్చి, వెనక తాటిమట్టలు అడ్డం పెట్టి, మట్టేసి తొక్కాలి. అత్తగారు పోయాక ఆ పని రిబ్కాది. ముప్పై మంది ఆడవాళ్ళు, ముప్పై ఏళ్ళు, ఒక్క తూము కూడా ఊడలేదు.

ఈ పక్క ముఠాలకు ఇంకో కట్టు కూడా ఉంది. ఎవరూ కాగితం మీద రాసింది కాదు. ఒక మేస్త్రి ఏటా దిగే పొలంలోకి ఆమె సరేనంటే తప్ప మరో ముఠా కాలు పెట్టదు. రైతుకు ఆ ముఠా పని నచ్చకపోతే ఆమె గుమ్మం దాకా వచ్చి, "ఈ ఏడు వద్దులే అమ్మా, వేరే వాళ్ళని చూసుకుంటన్నా" అని నోటితో చెప్పాలి. ఆ ఒక్క మాటతో ఆమె తప్పుకుంటుంది, మనసులో ఏమున్నా తప్పుకుంటుంది. ఆ మాట చెప్పని రైతు పొలంలో చుట్టుపక్కల పది ఊళ్ళలో ఏ ముఠా దిగేది కాదు. కూలీ మనిషికి ఉన్న మర్యాద మొత్తం ఆ గుమ్మం దగ్గరి ఒక్క మాటలోనే ఉండేది.

పూర్ణచంద్రరావుగారి పొలం పద్దెనిమిది ఎకరాలు. పది మెరక, ఎనిమిది డ్రెయిను పక్కనే పల్లం. ఆయన తెనాలిలో మేడ కట్టుకుని ఉంటాడు, నాట్లకీ కోతలకీ కారులో వస్తాడు. ఆయన తండ్రి రోజుల నుంచీ ఆ పొలం రిబ్కా అత్తగారిది, తర్వాత రిబ్కాది. దస్తావేజులో కాదు, నాటులో. ఈశాన్యపు మూల మొదటి మొక్క ఆమె చేత్తో పడితేనే మిగతా వాళ్ళు వంగేవారు.

నిరుడు ఆషాఢంలో కాలవలకు నీళ్ళొదిలిన తొమ్మిదో రోజున, ఎప్పటిలాగే తెల్లవారి ఆరింటికి రెండు ఆటోల్లో ముప్పై మంది ఆడవాళ్ళు ఆ పొలం గట్టు దగ్గర దిగారు. క్యారేజీలు చేతుల్లో ఉన్నాయి. చీరలు ఎగ్గట్టుకుంటూ తలెత్తి చూస్తే పొలంలో అప్పటికే జనం ఉన్నారు. ఇరవై మంది మగవాళ్ళు, నడుముకు లుంగీలు బిగించి, అడ్డంగా తాడు లాగి, ఆ తాడు వెంట గబగబా నాటుకుంటూ వెనక్కి వస్తున్నారు. ఎవడిదో ఫోన్లో పాట మోగుతోంది. ఆ భాష ఏమిటో వీళ్ళలో ఎవరికీ తెలియదు. పల్లపు చెక్క అప్పటికే సగం పచ్చబడింది.

పూర్ణచంద్రరావుగారు గొడుగేసుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. రిబ్కాను చూసి మొహం కాస్త పక్కకు తిప్పుకుని, మళ్ళీ ఇటు తిప్పాడు.

"నీకు ఫోన్ చేద్దామనే అనుకున్నా రిబ్కా. హడావుడిలో పడి మర్చిపోయా."

"మరి మేం పొద్దున్నే ఆటోలు కట్టించుకొని వచ్చామండి."

"వీళ్ళు బెంగాల్ నుంచి వచ్చారు. మొత్తం ఆరు రోజుల్లో తేల్చేస్తామన్నారు. మీవాళ్ళయితే పదింటికి టీ అంటారు, పన్నెండింటికి అన్నం అంటారు, పిల్లాడికి ఒంట్లో బాలేదని ఒకామె ఆగిపోతుంది. నా వల్ల కావట్లేదమ్మా."

"వద్దంటే వద్దనండి రావుగారూ, కాదనం. మా గుమ్మం దాకా వచ్చి ఒక్క మాట చెప్పాల్సింది గదండి."

"ఇంకా ఆ కట్టుబాట్లేంటి రిబ్కా, రోజులు మారలా?" అని ఆయన నవ్వాడు.

ఆ నవ్వే కొంప ముంచింది. పని పోయినందుకు రిబ్కా ఏడ్చేది కాదు. ఏటా ఒకటో రెండో పొలాలు చేజారడం మామూలే. కానీ ముప్పై మంది ముందు, తాను పిలిచి తెచ్చిన ఆడవాళ్ళ ముందు, ఆయన పళ్ళు బయటపెట్టి నవ్వాడు. ఆమెకు ఒళ్ళంతా భగ్గుమంది. వెనక్కి తిరిగింది. ఆటోలు వెళ్ళిపోయాయి కనుక రెండు మైళ్ళూ నడిచే వచ్చారు.

నెల తిరక్కుండానే తక్కిన రైతులూ అదే దారి పట్టారు. ఊరు ఎంత త్వరగా సర్దుకుందో చూస్తే ముచ్చటేస్తుంది. ఎరువుల గోడౌన్లు ఖాళీ చేసి బెంగాలువాళ్ళకు బసలిచ్చారు. కిరాణా కొట్టాయన ఆవనూనె డబ్బాలు, ఉప్పుడు బియ్యం బస్తాలు తెప్పించాడు. మంగలాయన హిందీలో నాలుగు ముక్కలు నేర్చాడు. పంచాయతీ వాళ్ళు ఆధార్ జిరాక్సులు తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు. ఏ రైలు తెనాలిలో ఎన్నింటికి ఆగుతుందో ఆటోవాళ్ళకు నోటికొచ్చింది. అందరూ ఇంత చక్కగా సర్దుకున్న ఊళ్ళో సర్దుకోనిది ముప్పై మంది ఆడవాళ్ళే. వాళ్ళ సంగతేమిటని అడిగినవాడు ఒక్కడూ లేడు, అడగాలని తోచినవాడూ లేడు.

ఇక పగ సంగతి. ఆ పొద్దున గట్టు మీద నిలబడ్డప్పుడే రిబ్కా ఒకటి చూసింది. పల్లపు చెక్కలో మొక్క పడుతోంది, పున్నమి ఇంకా నాలుగు రోజులే ఉంది. ఆ పొలం ఆమె చేతిలో ఉన్న రోజుల్లో పున్నమి దాటేదాకా పల్లంలో ఎవరినీ దిగనిచ్చేది కాదు, మెరక నాటి ఆగేవారు. తప్పనిసరై నాటినా తూము కట్టి గానీ ఇంటికి వెళ్ళేది కాదు. పూర్ణచంద్రరావుగారికి ఆ సంగతులేవీ తెలియవు. తండ్రికి తెలుసు. ఈయనకు ముప్పై ఏళ్ళుగా రిబ్కా ఉంది కనుక తెలుసుకునే అవసరం పడలేదు. ఇక ఆ బెంగాలువాళ్ళకు మన డ్రెయిను సంగతి ఎవరు చెబుతారు?

దారిలో రాజమ్మ ఆ మాటే ఎత్తింది. రాజమ్మ ముఠాలో రిబ్కాకు కుడిభుజం, నోట్లో మాట దాగదు. "అక్కా, తూము సంగతి వాళ్ళకి చెప్పొద్దా? పాపం, పొట్టచేత పట్టుకొని వచ్చినోళ్ళు."

"నోరు మూసుకొని నడువు" అంది రిబ్కా. "పొలం తేలిపోయాక ఆయనే వత్తాడు మన గుమ్మానికి."

నాలుగు రోజులూ ఆమె ఆ తలంపు మీదే బతికింది. అన్నం కలుపుతూ మధ్యలో ఆగి నవ్వుకునేది. పున్నమి నాడు పొద్దున్నే లేచి, ఎవరికీ చెప్పకుండా, తేలిపోయిన పొలాన్ని కళ్ళారా చూసుకుందామని ఒక్కతే నడుచుకుంటూ వెళ్ళింది. ఏడున్నర అయి ఉంటుంది. డ్రెయిన్లో నీరు అప్పటికే పైకి పొంగుతోంది, నురగ ఎదురు దిక్కుకు పోతోంది. గట్టెక్కి చూసింది. ఎనిమిది ఎకరాలూ నిటారుగా, పచ్చగా నిలబడి ఉన్నాయి. చుక్క నీరు లోపలికి రాలేదు.

తూము దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. ఎవరో కట్టారు. మామూలుగా కట్టడం కాదు. బస్తా వెనక తాటిమట్టలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా అల్లారు, సందుల్లో గడ్డి కూరారు, పైన బంకమట్టి అరచేత్తో నున్నగా అలికారు. నీరు తోసేకొద్దీ ఇంకా బిగుసుకునే కట్టు అది. ఆమె అత్తగారు కూడా అట్లా కట్టలేదు. ముప్పై ఏళ్ళుగా కట్టిన రిబ్కాకు ఆ పనితనం ఒక్క చూపులో అర్థమైంది, అర్థమైనందుకే కడుపు రగిలిపోయింది. ఈ చుట్టుపక్కల తాను తప్ప ఎవరికీ చేతకాదనుకున్న ఒకే ఒక్క పని, నిన్న గాక మొన్న రైలు దిగినవాడు తనకంటే బాగా చేసి పెట్టి పోయాడు. ఇంక ఆ రావుగారు ఆమె గుమ్మం ఎందుకు తొక్కుతాడు?

చుట్టూ చూసింది. ఆ ఇరవై మందీ దూరాన మెరకలో వంగి ఉన్నారు, ఎవరి మొహమూ ఇటు లేదు. రిబ్కా చీర ఎగదోపి తూములోకి దిగింది. మొదట మట్టలు లాగింది. ఒక పట్టాన రాలేదు. కాలు గట్టుకు తన్నిపెట్టి, పళ్ళు కొరుక్కుంటూ బస్తా పీకింది. నీరు ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చి ఆమెను నడుము దాకా తడిపింది. బస్తాను డ్రెయిన్లోకి దొర్లించి, మట్టలు విసిరేసి, పక్క పొలం గట్టు చాటున కూర్చుంది. మొక్కలు ఒక్కొక్కటే లేచి తేలడం, నీరు వాటిని మూలకు నెట్టుకుపోవడం చూసింది. అంతా అయ్యేదాకా అక్కడి నుంచి కదల్లేదు. ఒక్క ముక్క దాచకుండా చెప్పాలంటే, ఆ పూట ఆమెకు చాలా హాయిగా ఉంది.

మర్నాడు పూర్ణచంద్రరావుగారు తెనాలి నుంచి దిగాడు. రిబ్కా పక్క పొలంలో గడ్డి కోస్తున్నట్టు నటిస్తూ విన్నది. ఆయన కేకలు రోడ్డు మీదికి వినిపిస్తున్నాయి. ఎదురుగా ముఠా పెద్ద నిల్చున్నాడు. పేరు నిమాయ్. నలభై ఏళ్ళుంటాయి, బక్కపలచటి మనిషి. నాలుగేళ్ళుగా బాపట్ల పక్క ఊళ్ళకు వస్తున్నాడు కనుక తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది.

"తూము కట్టినాను సార్. నా చేత్తో కట్టినాను. ఎవరో తీసినారు."

"మా ఊళ్ళో అట్టాంటి పనులు చేసేవాళ్ళు లేరు! రిబ్కా ముఠా ఇన్నేళ్ళు నాటింది, ఏనాడన్నా తూము ఊడిందా? వాళ్ళు మా మనుషులు. మీకు చేతకాక ఊడింది. మళ్ళీ నాటి కదలండి ఇక్కణ్ణుంచి."

రిబ్కా చేతిలో కొడవలి ఆగిపోయింది. మా మనుషులట. పని ఇవ్వడానికి కాదు, గుమ్మం దాకా వచ్చి ఒక మాట చెప్పడానికి కాదు. ఇంకొకణ్ణి తిట్టడానికి కర్ర కావలసి వచ్చినప్పుడు మాత్రం రిబ్కా ఆయన మనిషి. పొలం తేలిపోయినా ఆయనకు తగిలిన దెబ్బంటూ లేదు. నారుమడిలో నారు మిగిలే ఉంది, కూలి లేకుండా నాటడానికి ఇరవై మంది ఉన్నారు. తాను విసిరిన రాయి ఆయన తల మీద పడకుండా పక్కవాడి తల మీద పడిందని ఆమెకు అప్పుడు తెలిసింది. జాలి కలిగిందా అంటే లేదు. గురి తప్పిందని మండింది.

మూడు రోజులు వాళ్ళు కూలి లేకుండా ఆ పల్లం మళ్ళీ నాటారు. రెండో రోజు మధ్యాహ్నం బోరు దగ్గర రిబ్కా బిందె పట్టుకుంటుంటే నిమాయ్ సీసా నింపుకోవడానికి వచ్చాడు. ఆమె మేస్త్రి అని ఎవరో చెప్పినట్టున్నారు, తల వంచి దండం పెట్టాడు.

"మాసీ, ఒక మాట అడుగుతాను" అన్నాడు. మాసీ అంటే పిన్ని అని ఆమెకు తర్వాత రాజమ్మ చెప్పింది. "మా ఊరు సముద్రం దగ్గర దీవి. మా నాన్న గట్టు కట్టేవాడు, పోటుకు. నాకు ఆయన నేర్పాడు. ఒక తుఫాను, గట్టు పోయింది, ఉప్పునీళ్ళు పొలంలో కూర్చుంది. పోలేదు. అందుకే మేం వస్తాం, ఇక్కడికి, కేరళకి, అన్ని చోట్లకీ. ఇక్కడ డ్రెయిను చూడగానే నాకు తెలిసింది, ఇది మా నీళ్ళే అని. బాగా కట్టినాను మాసీ. కానీ మావాళ్ళు నన్ను తిడుతున్నారు, నలుగురు వేరే ముఠాలోకి పోతామంటున్నారు. నువ్వు ఇక్కడ పెద్ద మేస్త్రివి. నీకు తెలుసు. నా కట్టు మంచిది కాదా?"

బిందె నిండి పొర్లిపోతోంది. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. లేదూ, నాకేం తెలుసని తప్పుకున్నా సరిపోయేది. రిబ్కా ఆ మనిషి కళ్ళలోకి చూసింది. ఆ నున్నటి అలుకుడు, ఆ అల్లిన మట్టలు గుర్తొచ్చాయి.

"మంచిది కాదు" అంది. "చూశాన్నేను. ఇక్కడ పోటుకి అట్టా కడితే ఆగదు."

నిమాయ్ తల ఊపి, సీసా మూత బిగించుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతను తన మనుషులను గద్దించడం ఆమె వినలేదు. నాటు ముగిసిన రోజు నలుగురు నిజంగానే విడిపోయారు.

ఆ ఏడు రిబ్కా ముఠాకు మూడే పొలాలు మిగిలాయి. ఆరుగురు ఆడవాళ్ళు రొయ్యల షెడ్డుకు పోయారు, రోజంతా ఐసులో చేతులు పెట్టి తలలు తుంచే పని. నలుగురు తెనాలిలో ఇళ్ళల్లో అంట్లు తోముతున్నారు. ఇంకొందరు బాపట్ల పక్క చెరువుల మీదికి కుటుంబాలతో సహా వెళ్ళిపోయారు. వీళ్ళ చోటులోకి బెంగాలువాళ్ళు వస్తే, వీళ్ళు ఇంకెవరి చోటులోకో పోయారు. ముప్పై మందిలో పద్నాలుగు మంది మిగిలారు. రిబ్కా కలుపుతీతకు పోయేది, అపరాలు పీకడానికి పోయేది. పూర్ణచంద్రరావుగారి కారు రోడ్డు మీద కనిపిస్తే మాత్రం పని ఆపి అది కనుమరుగయ్యేదాకా చూసేది.

ఇక ఈ ఏడు. కాలవలకు నీళ్ళొదిలారు, రావుగారి నారుమడి చక్కగా పెరిగింది, బెంగాలు ముఠా మాత్రం రాలేదు. నిరుడు మూడు రోజులు కూలి ఇవ్వకుండా నాటించుకున్న సంగతి ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పాకి, ఏ ముఠాను అడిగినా ఆ పొలం పేరు చెప్పగానే ఖాళీ లేదన్నారు. నాట్లు వేసే మిషన్‌కు కబురు పెడితే పల్లంలో దిగబడుతుందని వెనక్కి పోయింది. పక్క ఊరి ఆడముఠాలు, రిబ్కాకు చెప్పకుండా మార్చినవాడి పొలంలో దిగమని మొహం మీదే అన్నాయి. నారు ఇరవై రోజులు దాటి, ముప్పై దాటి, ముదిరి కణుపులు కట్టసాగింది.

ముప్పై ఎనిమిదో రోజు మధ్యాహ్నం రిబ్కా గుమ్మం ముందు కారు ఆగింది.

పద్నాలుగు మందీ ఆమె ఇంటి ముందు పందిరి కిందే ఉన్నారు. రాజమ్మ లేచి ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. పూర్ణచంద్రరావుగారు కూర్చున్నాడు. చెమట తుడుచుకున్నాడు. ఏడాదిపాటు రిబ్కా ఈ క్షణాన్నే కల కన్నది, అది వచ్చి కుర్చీలో కూర్చుంది.

"రిబ్కా, పొరపాటైందమ్మా" అన్నాడాయన. "ఆ బెంగాలోళ్ళని నమ్మి నా పొలం నేనే ముంచుకున్నా. వాళ్ళకేం తెలుసు ఇక్కడి పోటు సంగతి? తూము కట్టడం కూడా చేతకాని జనం. నీ చెయ్యి పడాల్సిందే. ఎప్పుడు దిగుతారో చెప్పు."

పద్నాలుగు జతల కళ్ళు రిబ్కా మీదే ఉన్నాయి. సరే అంటే చాలు. పొలం ఆమెది, పని వాళ్ళది, ఆయన మెడ వంగింది, తూము గురించి ఎవరికీ ఎప్పటికీ తెలియదు. రాజమ్మ కళ్ళతోనే బతిమాలుతోంది.

కానీ రిబ్కాకు తీరలేదు. ఈయన ఎవరో చేతకానివాళ్ళ చేతిలో దెబ్బతిన్నానని అనుకుంటున్నాడు. కొట్టింది తానని తెలియకుండా ఇంటికి పోతే అది కొట్టినట్టు ఎట్లా అవుతుంది? నిరుటి ఆ నవ్వుకు జవాబు ఇచ్చింది తనేనని ఈ మనిషికి తెలియాలి.

"వాళ్ళకి చేతకాకపోవడం కాదండి" అంది. "నాకంటే బాగా కట్టాడాయన. తూము పీకింది నేను. పున్నమి నాడు పొద్దున, ఈ చేతుల్తోనే. మొక్క తేలిపోయేదాకా గట్టు చాటునే కూచుని చూశాను."

రాజమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పూర్ణచంద్రరావుగారి మొహంలో రంగులు మారాయి. కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"ఎంత పొగరే నీకు! నా పొలం ముంచి నాకే చెప్తావా? ఇప్పుడే స్టేషన్‌కి పోతా, కేసు పెట్టి లోపలేయిస్తా."

"పెట్టండి" అంది రిబ్కా, ఉన్నచోటి నుంచి కదలకుండా. "నారుకి ముప్పై ఎనిమిది రోజులు. పోలీసోళ్ళు నాట్లేస్తారేమో కనుక్కోండి."

ఆయన కారు దాకా వెళ్ళాడు. తలుపు తీశాడు. అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తిరిగొచ్చి, పడిపోయిన కుర్చీని తన చేత్తోనే నిలబెట్టుకుని కూర్చున్నాడు.

"ఎప్పుడు దిగుతారు?" అన్నాడు నేల చూస్తూ.

అప్పుడు రిబ్కాకు కడుపు చల్లబడింది. ఏడాది మంట ఆ ఒక్క మాటతో దిగిపోయింది. అయితే పద్నాలుగు మందితో పద్దెనిమిది ఎకరాలు కాదు, ఈ ముదురు నారు ఇంకో పది రోజులు ఆగదు. ఆ బెంగాలు ముఠా మగవాళ్ళు పక్కన ఉంటే ఐదు రోజుల పని. ఆమెకు అది చెప్పుకోవడానికి చిన్నతనం అనిపించలేదు.

"ఆ నిమాయ్‌కి ఫోన్ చెయ్యండి. నిరుడు తప్పు అతనిది కాదని మీ నోటితో చెప్పండి, ఆ మూడు రోజుల కూలీ ఇస్తానని చెప్పండి. నేను పిలుస్తున్నానని చెప్పండి. ఆళ్ళూ మేమూ కలిసి దిగుతాం."

ఆయనకు ఇంకో దారి లేదు. అందరికీ వినబడేలా పెట్టి ఫోన్ చేశాడు. నిమాయ్ బాపట్ల పక్క ఏదో ఊళ్ళో ఉన్నాడు, వెనక నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. రావుగారు తెలుగూ హిందీ కలిపి నీళ్ళు నములుతూ చెప్పాడు, తూము దానంతటది ఊడలేదని, ఎవరో తీశారని, నిమాయ్ కట్టినది మంచి కట్టేనని.

"ఎవరు తీసినారు?" అన్నాడు నిమాయ్.

రావుగారు ఫోన్ రిబ్కా వైపు చాచాడు. ఈసారి ఆయన ఆమె మొహంలోకి సూటిగానే చూస్తున్నాడు. రిబ్కా ఫోన్ అందుకుంది. ఇందాక రావుగారి మీద విసిరినప్పుడు ఎంతో తేలిగ్గా ఉన్న మాట ఇప్పుడు అంత తేలిగ్గా రాలేదు.

"నేను బాబూ, రిబ్కాని. నేనే తీశాను."

నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"నేను ఇంటికి పోయి మా నాన్నతో చెప్పినాను" అన్నాడు చివరికి. "నీ విద్య నాకు రాలేదు నాన్నా అని చెప్పినాను. ఆయన ఏమీ అనలేదు. మాఘమాసంలో పోయినాడు."

రిబ్కా ఏదో అనబోయింది.

"మేం రాం" అన్నాడు నిమాయ్. "ఆ పొలానికి రాం. నువ్వు ఉన్న ఏ పొలానికీ రాం."

ఫోన్ ఆగిపోయింది. రావుగారు మళ్ళీ కలపబోతే రిబ్కా చెయ్యి అడ్డం పెట్టింది. అతని చోటులో తానుంటే ఇంతకంటే మంచి మాట అనేది కాదని ఆమెకు తెలుసు. బతిమాలితే కరిగే కోపం కాదని కూడా తెలుసు, ఆ రకం కోపం ఆమెకు కొత్త కాదు. ముప్పై ఏళ్ళ మేస్త్రితనంలో తనతో సమానంగా తూము కట్టగల మనిషి ఒక్కడే తారసపడ్డాడు. అతణ్ణి తన చేత్తోనే పోగొట్టుకుంది.

ఆమె కొంగు నడుముకు దోపుకుని లేచింది. ఎవరి వైపూ చూడలేదు.

"లెగండే" అంది. "పద్నాలుగు మందిమే. మెరక అయినంత నాటుదాం. పల్లం సంగతి వదిలెయ్యండి, దాన్ని నాటడానికి మనుషుల్లేరు."